బస్సు వెంట పరుగు

బస్టాపు కెమెరాల అద్దాలు తుడిపించాలి. మండలాల సమాచారమంతా 'పనిసూచి' అనే యంత్రానికి అందించాలి. అది చెప్పిన నిరుద్యోగ శాతాలు సరిచూసి, మధ్యాహ్నంలోగా రాజధానికి పంపాలి. 2071లో సంహిత ఉద్యోగం ఇదే. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కనుక ఏ పనీ రేపటికి వదిలేది కాదు.

పనిసూచి యంత్రాభ్యాసంతో, అంటే మెషిన్ లెర్నింగ్‌తో నడుస్తుంది. ఎవరినీ ఏమీ అడగదు, బస్టాపు కెమెరాల్లో చూస్తుందంతే. పని పోయినవాళ్లు కూడా పరువు కోసం క్యారేజీ పట్టుకుని పొద్దున్నే బయలుదేరతారని తనంతట తానే పసిగట్టింది. పని ఉన్నవాడు కదిలిపోతున్న బస్సు వెంట పరుగెత్తుతాడు. లేనివాడు నిలబడి చూస్తాడు. ఆ తేడాతోనే లెక్క కట్టేస్తుంది!

సంహిత సొంతూరు పైడిగుమ్మంలో బ్యాటరీల ఫ్యాక్టరీ మూతపడింది. ముగ్గురిలో ఒకరికి పని లేదంది పనిసూచి. వచ్చే నెలా అంతే ఉంటే కొత్త ఫ్యాక్టరీ ఇస్తామంది ప్రభుత్వం. టీవీలన్నీ యంత్రం కిటుకును ఊరూరా చాటాయి.

నెల తిరిగింది.

"సంహితా, మీ ఊళ్లో నిరుద్యోగం సున్నా! పార్టీ ఎప్పుడమ్మాయ్?" పై అధికారి డాక్టర్ రెహానా గంతేసినంత పని చేసింది. "ఫ్యాక్టరీ ఇక పక్క జిల్లాకే."

సంహిత సంబరం సగంలో ఆగింది. "కారణం?" అని యంత్రాన్ని అడిగింది.

"అందరూ పరుగెత్తుతున్నారు."

సంహిత ఊరి బస్టాపు కెమెరా తెరిచింది. బస్సు వెంట క్యారేజీతో పరుగెడుతున్నాడు తండ్రి అప్పలసూరి. రైస్‌మిల్లులో చేరానని చెప్పాడే! వెంటనే ఫోన్ చేసింది.

"నాన్నా, ఏ పనికి ఆ పరుగు?"

"సూసీసినావేటి?" నవ్వాడు. "మిల్లోడు ఎప్పుడో పొమ్మన్నాడు. నిలబడ్డోల్ని మీ మిసను పట్టేత్తందని టీవీలో సెప్పినారు గదా. ఊరంతా పరుగే! మీ సిన్నాన్నయితే మొన్న బస్సునే దాటీసినాడు."

"దీనివల్ల ఫ్యాక్టరీ పోతుంది నాన్నా!"

"ఫ్యాక్టరీ ఎప్పుడొత్తాదో. పనిలేనోడన్న మాట ఈయాలే పడాల గదమ్మా."

ఒక్క మనిషి పేరుతో తప్పు రుజువైనా ఆ నెల లెక్క రద్దవుతుంది, పాత అంకే నిలుస్తుంది. ఆ పేరు మాత్రం అందరికీ తెలుస్తుంది. ఆ నియమం సంహిత గబగబా చెప్పింది.

"నా పేరు సెప్పీ," అన్నాడు తండ్రి. "నా ఒక్కడిదే. మిగతావోల్లని పరుగెత్తనీ."

పైడిగుమ్మానికి ఫ్యాక్టరీ వచ్చింది. మీ వీధిలో ఎవరైనా బస్సు వెంట పరుగెడుతూ కనిపిస్తే, అప్పలసూరిని ఒక్కసారి తలుచుకోండి.