జవాబు రాని గచ్చు పాట

చిక్కడపల్లిల ఒక సందు ఉన్నది. మొదట్ల జిరాక్స్ షాపు, దాని పక్కన మిర్చి బజ్జీల బండి, అది దాటితే ఒక పాత దాబా ఇల్లు. అన్నదమ్ముల కోర్టు కేసుల ముప్పై ఏండ్ల సంది తాళం పడి ఉన్నది. పగటి పూట దాని అరుగు మీద అశోక్ నగర్ హాస్టల్ పిల్లలు కూసొని కరెంట్ అఫైర్స్ బట్టీ కొడ్తరు. రాత్రి పదకొండు దాటినంక చూడుండ్రి... కుక్క కూడా ఆ సందుల అడుగు పెట్టదు. నారాయణగూడ దిక్కు నుంచి చుట్టు తిరిగి పోతది.

ఎందుకంటే — ఆ దాబా మీద ఒక ఆడమనిషి గొంతు అడుగుతది.

ఏడ్వదు. కేకలెయ్యదు. పాట లెక్క ఒక ప్రశ్న అడుగుతది, ఆగుతది. జవాబు రాకపోతే మళ్ళ అదే ప్రశ్న. అరిచే దెయ్యమైతే ఉరికి బతకొచ్చు గానీ, అడిగే దెయ్యంతోని ఏం జేస్తం చెప్పుండ్రి? అందుల అక్కడ తిరిగేటోళ్ళంత పరీక్షల పిల్లలాయె. ప్రశ్న అంటేనే వాళ్ళకు సగం పాణం పోతది.

విజయశ్రీకి గట్లనే పోయింది. నాలుగోసారి గ్రూప్స్ రాస్తున్న పిల్ల. ఒక రాత్రి రీడింగ్ రూంల లేటై, దగ్గరి తొవ్వ అని ఆ సందుల నుంచి వచ్చింది. ఎట్ల ఉరికిందో ఏమో, ఒక చెప్పు అక్కడ్నే ఉండిపోయింది. హాస్టల్‌ల పడి, దుప్పటి ముసుగేసుకొని, దోస్తు రమ్యకు ఫోన్ కొట్టింది.

"ఏయ్ రమ్యా... నేను సచ్చిపోతనే..."

"ఏమైందే?"

"దాబా మీద... దెయ్యం... పాట పాడుతున్నది..."

"ఏం పాట?"

"ఏం పాటనా? నా పాణం పోతుంటే ఏం పాట అని అడుగుతవేందే! 'సున్నపు రాయి ఎక్కడిదే సిన్నదానా' అంటున్నది..."

అవతల బాగ్ లింగంపల్లిల ఒక కిరాయి రూం దద్దరిల్లేటట్టు ఒక కేక. భయంతోని కాదు — సంబరంతోని!

అసలు సంగతి ఏందంటే, రమ్య జానపద పాటల మీద పీహెచ్‌డీ చేస్తున్నది. రెండేండ్ల సంది ఒక్క పాట ఎనక పడి తిరుగుతున్నది. అది గచ్చు పాట. పాతకాలంల దాబా ఇండ్ల కప్పు మీద సున్నం, ఇటుక ముక్కలు పరిచి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చల్లుకుంట ఆడోళ్ళు వరుస కట్టి కొయ్య చెక్కలతోని దంచెటోళ్ళు. ఒకామె పిలుపు పాడితే ఇంకొకామె జవాబు పాడాలె. జవాబు వచ్చినంకనే చెక్క దిగాలె. దానికొక కట్టుబాటు కూడా ఉన్నది. దారిన పోతూ ఎవలన్న సరదాకు జవాబు పాడిండ్రనుకోండ్రి... ఇగ వాళ్ళు పైకెక్కి చెక్క పట్టాల్సిందే.

రమ్య ఏ ఊరికి పోయినా ముసలమ్మలు ఒకటే చెప్పేది. "మా అత్త పట్నంకు పనికి పోయొచ్చి పాడింది బిడ్డా." ఆ మాట చెప్తే గైడు భానుప్రకాశ్ సారు ఒప్పుకోడాయె. "పాట పల్లెల పుడ్తదమ్మా, పట్నంల పుడ్తదా? ఎవలు కట్టిండ్రో పది రోజుల్ల తేల్చు. లేకుంటే ఆ అధ్యాయం తీసెయ్" అన్నడు. రెండేండ్ల కష్టం, పది రోజుల గడువు. పిల్ల తిండి మానేసింది.

అట్లాంటి పిల్లకు దెయ్యం కబురొస్తే ఆగుతదా?

"దెయ్యమైతే ఏందే? పాట తెల్సిన మనిషే గదా!" అన్నది.

మర్నాడు రాత్రి ఇద్దరు ఆ సందుల నిలవడ్డరు. విజయశ్రీ ఎందుకొచ్చిందంటే, చెప్పు కోసం వచ్చిన్నన్నది. ఒట్టిదే. దోస్తును ఒక్కదాన్నే పంపిస్తే నిద్ర పడ్తదా?

బజ్జీల బండి మూసిండ్రు. వీధి లైటు టపటప కొట్టుకున్నది... ఆరిపోయింది.

అప్పుడు — పైనుంచి, నెమ్మదిగా...

"సున్నపు రాయి ఎక్కడిదే సిన్నదానా?"

విజయశ్రీ గోడకు అతుక్కపోయింది. "పోదామే... దండం పెడ్తనే..."

రమ్యకు ఆ మాట వినబడితేగా! రెండేండ్ల సంది వంద మంది నోట్ల విన్న పాట. వందసార్లు తాను పాడుకున్న పాట. ఆలోచన కన్నా ముందు నోరే లేచింది —

"బట్టీల కాలి వచ్చెనే పెద్దదానా!"

ధన్!

కప్పు మీద చెక్క దిగింది. సందంత అదిరింది.

"ఎవలే అది?" పైనుంచి మామూలు గొంతు, జర కోపంగ. "జవాబిచ్చి కింద నిలవడ్తరా? పైకి రా!"

కట్టుబాటు కట్టుబాటే గదా. విజయశ్రీ చున్నీ పట్టి గుంజుతుంటే, ఆ చున్నీ దాని చేతులనే ఇడిసిపెట్టి, రమ్య ఇంటెనక బయటి మెట్లెక్కి పోయింది. భయం కాలేదా అంటే అయ్యింది. కానీ లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తున్నది, పిచ్చి నవ్వు.

పైన చీకటి. చీర కచ్చ బిగించి, అటు దిక్కు తిరిగి, వంగి నిలవడ్డది ఒకామె. మొఖం కనవడ్తలేదు గానీ గొంతు పడుచు గొంతు. గాజులు గలగలమంటున్నయి. కాలితోని ఇంకొక చెక్క రమ్య దిక్కు నూకింది.

పాడిండ్రు. ఆమె పిలుపు, ఈమె జవాబు.

"కాలిన రాయి ఏమడిగెనే సిన్నదానా?"

"కడివెడు నీళ్ళు తాగి నవ్వెనే పెద్దదానా!"

ధన్... ధన్... ధన్... రమ్య చేతులు బొబ్బలెక్కినయి. నోట్‌బుక్ సంచిలనే ఉన్నది. ఫోన్ల రికార్డింగ్ బటన్ నొక్కనే లేదు. పీహెచ్‌డీ పిల్లనండీ! అంత సోయి తప్పిందన్నట్టు.

జర ఆగినప్పుడు ఎగపోసుకుంట అడిగింది. "అక్కా, ఈ పాట ఎవలు కట్టిండ్రు?"

"నేనే. ఇగో ఈ కప్పు మీదనే."

"నీ పేరు?"

"దుర్గమ్మ."

"మరి జవాబులు?"

గాజులు ఆగినయి. "అవి నా జోడుదాన్ని కట్టుమన్న. కురుమమ్మ. ఈ ఇంటెనక సందులనే ఉంటది. రోజు పిలుస్తున్న... వస్తలేదు."

ఇంతలకే కింద విజయశ్రీ ఆంజనేయ దండకం ఎత్తుకున్నది. రమ్య పిట్టగోడ దాకా పోయి, "ఆగవే, వస్తున్న!" అని కింది దిక్కు కసిరి ఎనుకకు తిరిగింది. కప్పు మీద ఎవలు లేరు. చెక్కలు కూడా లేవు.

'ఇంకో దిక్కు నుంచి దిగిపోయిందేమో' అనుకున్నది రమ్య. అనుకొని, మెట్లన్ని రెండే అంగలల్ల దిగింది.

తెల్లారి ఎనక సందుల అడిగితే ఇల్లు దొరికింది. ఇడ్లీల బండి నర్సింహమ్మ వాళ్ళ అమ్మనే కురుమమ్మ. డెబ్బై అయిదు నిండినయి. మంచంల కూసొని ఎల్లిపాయలు ఒలుస్తున్నది.

రమ్య దండం పెట్టి చెప్పింది. "అమ్మా, నిన్న రాత్రి దాబా మీద దుర్గమ్మ అక్క కలిసింది. గచ్చు పాట తానే కట్టిన్నన్నది..."

ఎల్లిపాయల పల్లెం కింద పడ్డది. నర్సింహమ్మ గంటె పట్టుకొని ఉరికొచ్చింది.

"దుర్గమ్మా?" అన్నది ముసలామె. "అది సచ్చి అరవై ఏండ్లాయె!"

రమ్య అరచేతులు చూసుకున్నది. బొబ్బలు ఉన్నయి. వెన్నుల చలి పుట్టింది... కూలబడ్డది.

ముసలామెకు చలి గిలి ఏం లేదు. కోపం లేసింది!

"పాట తానే కట్టిన్నన్నదా? హవ్వ! సచ్చినా బుద్ధి మారలే దొంగదానికి! పిలుపు దానిదైతే జవాబు నాది. రాయి నీళ్ళు తాగి నవ్వెనని ఎవలు కట్టిండ్రే? నేను కట్టిన! పదిహేనేండ్ల పిల్లను!"

"ఆమె గూడ గట్లనే చెప్పిందమ్మా. జవాబులు కురుమమ్మవి అన్నది."

ముసలామె గాలి తీసినట్టు చల్లబడ్డది. "అన్నదా?" అని మెల్లగ అడిగింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"ఆ దినం సున్నం ఎండకముందే దంచాలని రాత్రి పని పెట్టిండు మేస్త్రి. నేను చెప్పకుండ నారాయణగూడకు సినిమాకు ఉరికిన. అది పిలుపు పాడింది, జవాబు లేదు. నేను వస్తున్ననేమో అని అంచు దాకా వచ్చి సందులకు తొంగి చూసింది బిడ్డా. అప్పటికి పిట్టగోడ కట్టలే..." కొంగుతోని మొఖం కప్పుకున్నది. "పని అయినంక ఆడోళ్ళు ఊర్లకు పోయిండ్రు, పాట గూడ వాళ్ళెంబడి పోయింది. నేనే ఈడ మిగిలిన. రోజు రాత్రి ఇంటున్న. చెవులల్ల దూది పెట్టుకుంటున్న. జవాబిస్తే పైకి పోవాలె గదా... పోతే మళ్ళ దిగొస్తనా?"

కొంగు తీసి రమ్యను కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వు జవాబిచ్చినవా? ఇచ్చి... దిగొచ్చినవా?"

"దిగొచ్చిన గదమ్మా!"

రమ్య నోట్‌బుక్ తీసి రాసుకున్నది. పాట కట్టినోళ్ళు దుర్గమ్మ, కురుమమ్మ. పుట్టిన చోటు చిక్కడపల్లి, దాబా కప్పు. సారు వచ్చి అడుగుతనంటే బతికున్న సాక్షి మంచంల కూసొని ఉన్నది. రెండేండ్ల బరువు దిగిపోయి, ఆ సంబరంల నర్సింహమ్మను కావలించుకున్నది, చేతుల గంటెతోని సహా.

ఆ రాత్రి ప్లాస్టిక్ కుర్చీల కురుమమ్మను కూసొబెట్టి, చెరో దిక్కు పట్టుకొని సందులకు తెచ్చిండ్రు రమ్య, నర్సింహమ్మ. ముంగట విజయశ్రీ, ఫోన్ లైటు పట్టుకొని, కండ్లు మూసుకొని. ఈసారి రికార్డింగ్ బటన్ ముందే నొక్కిండ్రు.

"సున్నపు రాయి ఎక్కడిదే సిన్నదానా?"

ముసలామె చెవులల్ల దూది తీసేసి, తల పైకెత్తింది. అరవై ఏండ్ల తర్వాత —

"బట్టీల కాలి వచ్చెనే పెద్దదానా!"

పైన చెక్క దిగలే.

తర్వాత పడుచు గొంతు, కొంటెగ, ఏ ఊర్ల ఎవలు పాడని మాట ఎత్తుకున్నది —

"తలకు సున్నం ఎవలేసిరే సిన్నదానా?"

కురుమమ్మ తన తెల్ల వెంట్రుకలు తడుముకున్నది. బోసి నోటితోని ఫక్కున నవ్వింది.

"అరవై వానలు వేసి పోయెనే పెద్దదానా!"

ధన్!

రమ్య ఏడుస్తున్నదో నవ్వుతున్నదో దానికే తెలుస్తలేదు. ఎన్నడో పుట్టిన పాట అనుకొని ఎతికింది. అది ఇగో, చెవుల ముంగటనే పుడుతున్నది!

"నీ జాగ నీకే ఉంచితినే సిన్నదానా..."

నర్సింహమ్మ "అమ్మా!" అని కుర్చీ గట్టిగ పట్టుకున్నది. ముసలామె మాత్రం జంకలే. పదిహేనేండ్ల పిల్ల లెక్క తల ఎగరేసి పాడింది —

"మనుమరాలి పెండ్లి జేసి వస్తనే పెద్దదానా!"

ధన్! ధన్! ధన్! పైన గాజులు, నవ్వు. కింద నలుగురి నవ్వు. సందు సందంత నవ్వు. తర్వాత, ఆ నవ్వుల నుంచే, మెల్లగ...

"పెండ్లి ఎప్పుడే సిన్నదానా?"

నవ్వుకుంట నవ్వుకుంటనే "మాఘమాసం..." అనబోయింది నర్సింహమ్మ, పెండ్లి తన బిడ్డదే గదా. కురుమమ్మ కుర్చీల నుంచి ఎగిరి బిడ్డ నోరు రెండు చేతులతోని మూసేసింది.

"చెప్పకే! ఎవ్వలు తారీకు చెప్పకుండ్రి! అది నా తారీకు గూడ అయితది! కుర్చీ ఎత్తుండ్రి... ఎత్తుండ్రి తొందరగ!"

ఎత్తిండ్రు. ఉరికిండ్రు. కడుపులు పట్టుకొని నవ్వుకుంట, పడుకుంట లేసుకుంట ఉరికిండ్రు. ఎనుక నుంచి ఆ గొంతు మళ్ళ అడిగింది. ఆగింది.

మళ్ళ అడిగింది.