నీళ్ళు సోకని చెయ్యి

మధ్యాహ్నం మూడు దాటేసరికే కార్స్‌హోప్ కోటలో దీపాలు పెట్టారు. స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో చలికాలపు పొద్దు అంతే. కింద వంటింట్లో ఓట్స్ రొట్టెలు కాలుతున్నాయి. వచ్చిన రైతులు నిప్పు చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. చావింట్లోనూ ఆకలి వేస్తుంది మరి.

పై హాల్లో పొడుగాటి బల్ల మీద క్వింటిన్ శవం. అక్కడి ఆచారం ప్రకారం ఛాతీ మీద ఉప్పు పోసిన పళ్ళెం. పక్కటెముకల కింద గాయం నల్లగా ఎండిపోయింది. పోయి రెండు రోజులైంది.

"బ్రాక్స్‌లా వాళ్ళ పనే. ఏటి రేవు దగ్గర కాపు కాసి పొడిచారు." అందరికీ అలా చెప్పింది అన్న, నినియన్ దొర. అందరూ నమ్మారు. మూడు తరాల పగ. ఆ లోయలో ఏ శవానికైనా హంతకుడు తయారుగా దొరుకుతాడు. పరువు దొరలది, కాలిపోయే గడ్డివాములు పేదలవి.

పొడిచింది నినియనే.

కోట తనది, పొలాలు తనవి, పెళ్ళాం తనది. కానీ తమ్ముడు గుమ్మంలో అడుగు పెడితేనే ఇంటికి ప్రాణం వచ్చేది. అదీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది యూఫేమ్ నవ్వు. ఆరేళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి చూసి ఒక్కసారి అలా నవ్వి ఎరగదు. వాళ్ళిద్దరి మధ్యా ఏమన్నా ఉందా? నినియన్‌కి తెలియదు. తెలియకపోవడమే నిప్పై కడుపులో కూర్చుంది.

తల్లి గ్రిజెల్ దొరసాని కర్ర నేలకేసి కొట్టింది.

"ఒక్కొక్కరే వచ్చి నా బిడ్డని ముట్టుకోండి."

హంతకుడు గానీ, ఆ చావుకి కారణమైనవాడు గానీ ముడితే గాయం మళ్ళీ నెత్తురు కక్కుతుందని వాళ్ళ నమ్మకం. రాజుగారి చట్టం కంటే పాత న్యాయం అది.

"ఎందుకమ్మా ఇదంతా? ఎవరు చంపారో తెలుసుగా?" అన్నాడు నినియన్.

"వాడు ఆ రేవు దాటే వేళ శత్రువులకి ఎవరు చెప్పారో తెలియదుగా, నాయనా. ఈ ఇంట్లో మనిషైతే అదే ఏట్లో ముంచేస్తాను. కొడుకైనా సరే, కోడలైనా సరే."

ముందు ముసలి నౌకరు డాండ్ వచ్చాడు.

"చేతికి పేడ ఉంది, కడుక్కుని ముట్టుకో ముసలాడా," వంటమనిషి గొణిగింది.

"నా పేడ చేతులంటే చిన్నదొరకి కొత్తా ఏంటే?" అని డాండ్ శవం నుదురు నిమిరి, ముక్కు చీదుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. గాయం కదల్లేదు.

నినియన్ వంతు వచ్చింది.

ఆ కొండల్లో మగబిడ్డకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కుడిచేతిని గుడ్డలో చుట్టి నీళ్ళకి అందకుండా పట్టుకుంటారు. దీవెన సోకని చెయ్యి ఎన్ని తలలు నరికినా పాపం అంటదట. ఊయలలోని పసివాడికి కూడా పగలో పాలు పంచేస్తారు! నినియన్ కుడిచెయ్యి అలాంటిదే. కత్తి పట్టింది అదే. అందుకే ఇప్పుడు ఎడమచెయ్యి చాచాడు. దేవుడి చెయ్యి. పాపం ఎరగని చెయ్యి.

రాయిలాంటి నుదురు. ఓరకంట గాయం వైపు చూశాడు... ఎండిన మచ్చ. అంతే.

గట్టెక్కాడు.

తర్వాత యూఫేమ్ వచ్చింది. మరిది గుండె మీద రెండు వేళ్ళు ఆనించింది.

ముందు వాసన వచ్చింది. తడిసిన ఇనుము వాసన. ఆ తర్వాత చప్పుడు... బల్ల అంచు నుంచి రాతినేల మీదికి... టప్... టప్...

"నెత్తురు..." డాండ్ వెనక్కి జరిగాడు.

"నువ్వటే?" అత్తగారు కర్ర ఎత్తింది.

"నేను కాదత్తయ్యా." వేళ్ళు మాత్రం తియ్యలేదు.

"మరి వాడు నీకెందుకు పలికాడు?"

నినియన్ ఊపిరి పీల్చుకోవాల్సింది. నేరం తన మీద నుంచి పోయింది. కానీ అతని గుండెల్లో భగ్గుమన్నది వేరే. చచ్చాక కూడా వీడు దానికే పలికాడు! పొడిచిన నన్ను కాదని!

"నేనే! వాణ్ణి చంపింది నేనే!" ముందుకి దూకి కుడి అరచెయ్యి గాయం మీద అదిమాడు. "నాకు పలకరా! నాకు!"

నెత్తురు ఆగిపోయింది.

చెయ్యి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

హాల్లో ఎవరో వెక్కారు. "పెళ్ళామంటే ఎంత ప్రేమో మా దొరకి..."

"ఊరుకోండి దొరా," డాండ్ అతని భుజం పట్టాడు. "మీరు అడ్డం పడితే మాత్రం ఆ తల్లి బతుకుతుందా?"

"డాండ్, నిజంరా... నేనేరా..."

"అలాగే దొరా. అలాగే."

ఏటికి తీసుకుపోవడానికి యూఫేమ్‌ని రెక్క పట్టి కదిలించారు. పక్కనుంచి వెళుతూ ఆమె ఆగింది.

"మీరేనని నాకు తెలుసు," గుసగుసగా అంది.

"మరి... చెయ్యి తియ్యలేదేం?"

"వెచ్చగా ఉన్నాడండీ."

ఆమె మెట్లు దిగుతోంది. బల్ల కింద రెండు రోజులుగా ముద్ద ముట్టకుండా పడున్న క్వింటిన్ వేటకుక్కలు చటుక్కున లేచాయి. శవం వైపు చూడనైనా లేదు. తోకలాడించుకుంటూ ఆమె వెనకే పరుగెత్తాయి. నినియన్ తలుపు దాకా తడబడుతూ వెళ్ళి తొంగి చూశాడు.

మలుపులో అవి ఆగాయి. ఆమె పక్కన, ఖాళీ మెట్టు మీద... మనిషి చెయ్యి వేలాడే ఎత్తులో... మోరలెత్తి, గాలిని ఆత్రంగా నాకుతున్నాయి.