ఫిడేలు క్యాసెట్టుకు రెండు నంబర్లు

"ఈ పన్నెండు గుర్తులూ చూడు మునికృష్ణా." చీఫ్ గోవిందయ్య ఫిడేలు క్యాసెట్టు అట్ట ఫోటోను బల్ల మీదికి తోశాడు. "మొదటి రెండక్షరాలు దేశం. తర్వాత మూడు, కోడ్ ఇచ్చిన కంపెనీ. రెండంకెలు ఏడాది. చివరి ఐదూ ఆ రికార్డింగు సొంత నంబరు. అట్ట మారినా, కంపెనీ చేతులు మారినా నంబరు మారదు. అదే పాట మళ్లీ వాయిస్తే మాత్రం కొత్త రికార్డింగు, కొత్త నంబరు."

"ఒకే రికార్డింగుకు రెండు నంబర్లుంటే?"

"ఒకటి దొంగది. అలిపిరిలో మునెయ్య అంగడికి పది ఫిడేలు క్యాసెట్లు చేరాయి. తొమ్మిదింటికి చివర 00417. ఒక్కదానికి 00471. అందులో, ఫిడేలు మధ్యలో, శత్రుదేశంలో ఉన్న మన ఏజెంట్ల పేర్లున్నాయి. ఇవాళ ఒకడు కొనడానికొస్తాడు. ముందే దాడి చేస్తే జారిపోతాడు. కొనేటప్పుడే పట్టుకో. తోడుగా మన పంకజాక్షి ఉంటుంది." చీఫ్ ఫోటోను వెనక్కి తీసుకున్నాడు. "మొదటి పేరు మీ అన్నది."

"అన్నకు కబురు?"

"పంపే దారి లేదు."

గుండు, నామం, పసుపు పంచె. వాచీలో ట్రాన్స్‌మిటర్. భక్తుడి వేషంలో మునికృష్ణ అంగడి మెట్ల మీద చెప్పులు విడిచాడు. పైన మైకు అరుస్తోంది: "చెప్పులు ఈడ పెట్టండప్పా! కొండెక్కి దిగేదాకా భద్రం!"

00471 దొరికింది. చెయ్యి చాచేలోగా పక్కటెముకలకు గట్టిగా ఏదో తగిలింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగులో పిస్తోలు. పంకజాక్షి.

"వాచీ విప్పి కింద పెట్టు."

"నువ్వా?"

"వాళ్ల బేరం బాగుంది."

వీధిలో ఇంజన్ ఆపని కారు. వెనకసీట్లో తెల్లదొర. మునికృష్ణ లెక్క వేసుకున్నాడు. అరిస్తే మొదటి తూటా తనకు, రెండోది జనానికి, క్యాసెట్టు ఎలాగూ కారుకు. ఎటు వేసినా నష్టమే. వాచీ విప్పి కింద పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.

"ఇది కట్టియ్యి మునెయ్యా," అంది పంకజాక్షి.

"ఉండమ్మా. పాడించి చూపకుండా నేనెవురికీ ఇయ్యను. రేపొచ్చి టేపు నలిగిండాదని నా నెత్తిన కూసుంటారు."

ఆమె కారు వైపు చూసింది. దొర తలూపాడు. సరుకు చూడకుండా కొనేవాడు అతనూ కాడు. మునెయ్య క్యాసెట్టు తోసి మీట నొక్కాడు. మునికృష్ణ కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు తనను భుజం మీద మోసిన అన్న పేరు ఇప్పుడు ఈ డబ్బాలోంచి వస్తుంది. తను వింటూ నిలబడాలి.

డబ్బా కూడా అరిచింది: "చెప్పులు ఈడ పెట్టండప్పా!"

పంకజాక్షి ముఖం పాలిపోయింది. "ఫిడేలేదయ్యా?"

"మూడు నెలలుగా వాటి మీద ఈగ వాల్లేదమ్మా. టేపు మంచిది కదా, పదీ చెరిపేసినా. దీంట్లో నా గొంతు, తక్కినవాటిలో భజనలు. అట్టలు బాగుండాయని వాటిలోనే పెట్టినా. ఫిడేలంత ఇష్టమైతే తిరుత్తణిలో అడుగు తల్లీ."

కారు దూకింది. పంకజాక్షి దాని వెంట పరుగెత్తింది. మునికృష్ణకు చెప్పకుండా చీఫ్ కాపలా పెట్టిన పోలీసులు, టెంకాయలమ్మే వేషంలో, మలుపులో ఇద్దరినీ పట్టుకున్నారు.

మునికృష్ణ మునెయ్య ఫోనే తీసుకున్నాడు.

"నువ్వేం చేశావు?" చీఫ్ అడిగాడు.

"కళ్లు మూసుకున్నాను సార్."

"క్యాసెట్టు నంబరు?"

"కొత్త రికార్డింగు సార్. ఇంకా పడలేదు."

ఫోను పెట్టేసి మెట్ల మీదికొచ్చాడు. మైకు భద్రం, భద్రం అంటూనే ఉంది. చెప్పులు లేవు.