పదో పేరు

"నూటికి నూరు శాతం ఉత్తీర్ణతా?" అంది జెరాక్స్ కొట్టు అమ్మాయి, నేనిచ్చిన కాగితం చదువుతూ. "ఎంతమందిలో మాస్టారూ?"

బయట కుండపోతగా వాన. నిలువునా తడిసి నిలబడ్డవాణ్ణి పట్టుకుని ఈ ఆరాలేమిటని ఒళ్ళు మండింది. నేను స్టాటిస్టిక్స్ లెక్చరర్ని, కొత్తగా చేరాను. మా కోర్సులో ఎవరూ చేరడం లేదు, కరపత్రం రాయమని ప్రిన్సిపాల్ గారంటే రెండు రోజులు కూర్చుని రాశాను.

"పరీక్ష రాసినవాళ్ళందరూ పాసయ్యారు," అన్నాను కాస్త గర్వంగానే.

"పోయినేడు రాసింది తొమ్మిది మంది. చేరింది ముప్ఫై మంది. మధ్యలో పోయిన ఆ ఇరవై ఒక్కరూ మనుషులు కారా?"

నా మొహం చూసి నవ్వేసింది. పాఠం చెప్పేవాణ్ణి నేను, తప్పు పట్టుకున్నది కౌంటర్ వెనకున్న అమ్మాయి. సిగ్గేసింది. దానికి తోడు ఆ నవ్వు బావుందని కూడా అనిపించింది, ఏం చేయను!

"మీకెలా తెలుసు?"

"కాలేజీ మానేసేవాళ్ళు సర్టిఫికెట్లకి కాపీలు ఇంకెక్కడ తీయించుకుంటారు? మీ ప్రిన్సిపాల్ గారికంటే ముందు నాకే తెలుస్తుంది. ఇంతకీ ఎన్ని కాపీలు?"

"వద్దు లెండి. మళ్ళీ రాసుకొస్తాను."

"వచ్చిన గిరాకీని తరిమేశావు కదే అమ్మాయ్!" అన్నాడు లోపల కాగితాల కట్టలు సర్దుతున్న వాళ్ళ నాన్న.

కరపత్రం సంగతి అలా ఉంచితే, అసలు గండం మూడో ఏడాది క్లాసుది. అందులో ఎనిమిది మందే మిగిలారు. నెలాఖరుకి పదిమంది లేకపోతే కోర్సు ఎత్తేస్తామన్నారు. ఆ ఎనిమిది మందినీ ఇష్టమున్నా లేకున్నా వేరే కోర్సులో పడేస్తారు. ఇక నా ఉద్యోగం సంగతి చెప్పనక్కర్లేదు.

మర్నాడు మళ్ళీ కొట్టుకెళ్ళాను. "ఇప్పటి మూడో ఏడు క్లాసులో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో చెబుతారా?"

ఆమె వేళ్ళు మడిచింది. "ఒకమ్మాయికి పెళ్ళయింది. ఇద్దరికి మీ తొమ్మిది గంటల క్లాసుకి బస్సు లేదు. సోడాబుడ్డి కళ్ళద్దాలవాడు ఒకడున్నాడు, టైర్ల షాపులో చేరాడు. పొద్దున్నే పని. మిగతావాళ్ళకి పాఠం అర్థం కాలేదు."

"నా పాఠమా?"

"మీకు ముందున్నాయనది. మీది నేనింకా వినలేదుగా!"

ఆ తర్వాత రెండు వారాలు నేను ఆ కొట్టు వదిలితే ఒట్టు. ఆమె ఫోన్ నంబర్లు వెతికిచ్చేది, నేను బతిమాలేవాణ్ణి. పని లేని రోజు కూడా ఏదో కాగితం పట్టుకెళ్ళేవాణ్ణి.

"ఇది నిన్నటి కాగితమే కదా మాస్టారూ?"

"నిన్నటి కాపీ వానలో తడిసిపోయింది."

"నిన్న చుక్క వాన పడలేదు."

చిల్లర లెక్కపెట్టిచ్చి కాపీ తీసుకున్నాను.

క్లాసుని మధ్యాహ్నం రెండింటికి మార్చాక సోడాబుడ్డి తిరిగొచ్చాడు. తొమ్మిది. మిగతావాళ్ళెవరూ కదల్లేదు. పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే ఒక చోట రెండు జడల ఫోటో కనిపించింది. జెరాక్స్ అమ్మాయి! నాలుగేళ్ళ కిందట, రెండో ఏడులో ఫస్టు మార్కులు తెచ్చుకుని, మూడో ఏడులో అడుగుపెట్టకుండానే మానేసింది. ఆ రోజే ఆమె కోసం ఒక అడ్మిషన్ ఫారం తీసి జేబులో పెట్టుకున్నాను. కానీ బయటికి తీయలేదు.

ఆఖరి రోజు నాలుగింటికి కొట్టుకెళ్ళాను. "తొమ్మిదే," అన్నాను నీరసంగా.

ఆమె మిషన్ మూత ధడాలున వేసింది. "పెళ్ళయిన పిల్లకి ఫోన్ చేశారు. టైర్ల షాపుకి మూడుసార్లు వెళ్ళారు. రోజూ నా ఎదురుగా నిలబడి నన్ను మాత్రం ఒక్కసారి అడగలేదు. ఇరవై నాలుగేళ్ళదానికి ఇంకా చదువేమిటనుకున్నారా?"

"మీరు మానేశారని నాకు తెలుసు."

"తెలిసి కూడానా!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్న కళ్ళ ఆపరేషన్‌కి నాలుగు నెలలు కొట్లో కూర్చుందామనుకున్నాను. నాలుగేళ్ళయిపోయింది. తిరిగి రమ్మని ఒక్కళ్ళన్నా అంటారేమోనని ఎదురుచూశాను."

చివరికి ఉన్నమాట చెప్పేశాను. "మీరు చేరితే నేను మీకు మాస్టార్నవుతాను. అప్పుడు మీ గురించి ఇలా ఆలోచించకూడదు."

"ఎలా?"

"మీరంటే నాకిష్టం. అందుకే అడగలేదు. ఇంతమందికి చదువుకోండని చెప్పి, మీ దగ్గర స్వార్థం చూసుకున్నాను." ఫారం తీసి కౌంటర్ మీద పెట్టాను. "చేరండి. కోర్సు కోసం కాదు, మీ కోసం. నేనన్నది మర్చిపోండి."

ఆమె కళ్ళు తుడుచుకుని పెన్ను తీసింది. "ఫారం నింపుతాను. మర్చిపోవడం మాత్రం నా వల్ల కాదు. ఒక్క ఏడాదే కదా మాస్టారూ, ఆగలేరా?"

"ఆగుతాను."

"అయితే రేపట్నుంచి ఈ కొట్టు ఛాయలకి రాకండి."

ఐదుకి పది నిమిషాలుండగా ఫారం ఆఫీసులో ఇచ్చాం. పదో పేరు ఆమెది.

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకే తెలుసు. రెండో బెంచీలో సోడాబుడ్డి పక్కన కూర్చునేది. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది, చివర "సార్" తగిలించి మరీ! ఆమె పేపర్లు మా పెద్ద మాస్టారు దిద్దేలా ముందే అడిగి ఏర్పాటు చేసుకున్నాను. కాపీలకి మూడు వీధుల అవతలి కొట్టుకి వెళ్ళేవాణ్ణి. అక్కడ అక్షరాలన్నీ అలుక్కుపోయేవి. అయినా ఆ ఏడాది క్లాసులోంచి ఒక్కరూ మానలేదు.

ఫలితాలొచ్చిన రోజు మళ్ళీ వాన. కొత్త కరపత్రంతో పరుగెత్తాను. ఆమె పైకి చదివింది.

"చేరినవారు ముప్ఫై. మధ్యలో వెళ్ళినవారు ఇరవై ఇద్దరు. తిరిగి వచ్చినవారు ఇద్దరు. పాసైనవారు పదిమంది." తలెత్తింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది. ఎన్ని కాపీలు?"

"అది తర్వాత. ముందు మీ నాన్నగారితో మాట్లాడాలి."

పిలవకుండానే ఆయన బయటికొచ్చాడు. "ఏడాదిగా మా కొట్టు దాటుకుని ఎక్కడికో వెళ్ళి కాపీలు తీయించుకున్నారు. గిరాకీ పోయిందే అని నేను బాధపడుతుంటే, మీరు వెళ్ళే వేళకి మా అమ్మాయి గుమ్మంలో నిలబడి నవ్వుకునేది. నా కళ్ళకి ఆపరేషన్ అయింది బాబూ, ఇప్పుడన్నీ బాగానే కనిపిస్తున్నాయి. మీ పెద్దవాళ్ళని ఎప్పుడు తీసుకొస్తారు?"

"రేపే!" అనేశాను. ఆమె మాత్రం తాపీగా కాగితం మిషన్‌లో పెట్టింది.

"ఇంక నిన్ను మాస్టారూ అని పిలవను," అంది, మొదటిసారి నువ్వంటూ.

"మరేమని పిలుస్తావు?"

"ఆలోచించుకోవాలి." మీట నొక్కి నవ్వింది. "ఏడాది మాత్రం పట్టదులే."