తడిగుడ్డ కట్టిన చెయ్యి

"నా పేరు కొట్టేస్తారంట హారూనన్నా! ఈ బస్సు తప్పితే నేను బతకను," అంటూ పుష్పలత గుమ్మంలోనే కూలబడింది. చేతులు గజగజ వణుకుతున్నాయి. ఊపిరి అందడం లేదు.

1990 సెప్టెంబరు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. అంతకుముందు హారూన్‌కు అల్ రాయ్‌లో చిన్న ఆఫీసుండేది. ఇన్సూరెన్సు డబ్బు కోసం దొంగ యాక్సిడెంట్లు చేసేవాళ్లను పట్టుకునే ప్రైవేటు డిటెక్టివ్ అతను. ఇప్పుడు మిగిలింది రిగ్గైలో ఒక గది, అసిస్టెంటు ఈశ్వరయ్య. జీతం ఆగిపోయినా ఈశ్వరయ్యకు ఆయన మీద భక్తి ఆగలేదు.

హారూన్ చాటలో కందిబ్యాళ్లు పోసి ఆమె ముందు పెట్టాడు.

"రాళ్లేరు పుష్పమ్మా. ఏరతానే చెప్పు."

నాలుగు రాళ్లు ఏరేసరికి ఆమె వేళ్లు కుదుటపడ్డాయి. మాట వచ్చింది. తను పనిచేసే ఇంట్లో సిపాయిలు జొరబడిన రోజు నుంచి యూనిఫారం కనిపిస్తే చాలు, ఊపిరి ఆగిపోతుంది. డాక్టరు ఆందోళన జబ్బని రాసిచ్చాడు. బిల్డింగు కమిటీ రోగులకు రేషను గదికే పంపుతుంది, ఇండియా విమానాల కోసం జోర్డాన్‌లోని అమ్మాన్ పోయే మొదటి బస్సులో సీటూ ఇస్తుంది. ఆఖరి సీటు ఆమెది. ఈ పొద్దున కమిటీ పెద్ద గంగరాజు మేస్త్రి తలుపు కింద ఎవరో చీటీ పెట్టారు. సాయంత్రం పంచాయితీ.

ముగ్గురూ గంగరాజు గదికి వెళ్లారు. చూడగానే అతను కస్సుమన్నాడు. "జబ్బంటది, పనికి పోతాది! ఇంగ నువ్వొకటి తక్కువైనావా హారూనూ? చూడు."

చీటీ తెలుగులో ఉంది. 'పుష్పలత జబ్బు అబద్ధం. కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకోని భట్టీ ఎనక గదిలో రోజూ పిండి పిసుకుతాంది.'

"ఆమె పేరు కొడితే సీటెవరికి?"

"గంగాధరకు. నడుం పడిపోయి చాప మీద్నే ఉండాడు పాపం."

హారూన్ గోడకు అంటించిన కమిటీ నోటీసు మొత్తం చదివి బయటికొచ్చాడు.

కుబ్బూసు రొట్టెలు కాల్చే భట్టీ ఆ బిల్డింగులోనే, కింద ఉంది. పుష్పలత పెరటి తలుపులోంచే వెనక గదికి పోతుంది. సోమవారం కుడిచెయ్యి కాలింది. పిండి అంటుకోకుండా తడిగుడ్డ అక్కడే కట్టుకుంటుంది, అక్కడే విప్పేసి వస్తుంది. భట్టీ ఇరానీవాడిది. "ఆ గదిలోకి నేనూ ఈమే తప్ప పిండిమూటలు మోసే మనిషే వస్తాడు. ముఖానికి గుడ్డ చుట్టుకుంటాడు, నోరు తెరవడు. కూలి పది కుబ్బూసులు," అన్నాడతను హిందీలో.

ఆఖరికి గంగాధర గదికి వెళ్లారు. అతను చాప మీది నుంచి లేవలేదు కానీ మర్యాద చేశాడు. "తిను సార్, కుబ్బూసులు శానా ఉండాయి."

క్యూలో నిలబడినా, గదికి పంపినా రేషను మనిషికి రెండే. గంగాధర దగ్గర ఏడున్నాయి. ఈశ్వరయ్య ఒకటి మాత్రం తిన్నాడు.

సాయంత్రం నాలుగింటికి గంగరాజు గదిలో అందరూ చేరారు. గంగాధరను చాపతో సహా మోసుకొచ్చారు. పుష్పలత వస్తుంటే ఒకామె పక్కకు తిరిగి ఉమ్మేసింది.

హారూన్ చీటీ పైకెత్తాడు. "తడిగుడ్డ సంగతి బయట ఎవురికీ తెలీదు. తెలిసింది ముగ్గురికే. ఆమె తన మీద తానే రాసుకోదు. ఇరానీకి తెలుగు రాదు. మిగిలింది మూటలు మోసేటోడు. వాడు ఈ గదిలోనే ఉండాడు."

గంగాధర చెయ్యి భుజాన్ని దులుపుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ఈశ్వరయ్యకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"మనిషికి రేషను రెండైతే నీకాడ ఏడు కుబ్బూసులు యాడివి గంగాధరా? నడుం పడిపోయినోడు మూటలెట్ల మోసినావు?"

గంగాధర చాప మీది నుంచి లేచి నిలబడ్డాడు. "భయం ఈమెకొక్కదానికేనా? సిపాయిని చూస్తే నాకూ కాళ్లు పడిపోతాయి. మొగోడు భయమని చెప్తే మీరు నవ్వరా? అందుకే నడుమని చెప్పినా!"

నిజంగానే నవ్వారు, సిగ్గులేని జనం.

"ఇద్దరూ దొంగలే. ఇద్దరి పేర్లూ ఖలాస్," అన్నాడు గంగరాజు.

"మేస్త్రీ, నోటీసు నీ రాతే. ఈశ్వరయ్యా, చదువు."

"చెక్‌పోస్టు దాటి రేషను క్యూలో నిలబడలేని రోగులకు..."

"పని చేయలేనోళ్లకు అని యాడుంది? భట్టీకి పోను చెక్‌పోస్టు లేదు. చేతులాడినంతసేపే ఈమెకు ఊపిరాడేది. పని చేస్తాందని జబ్బు లేదంటే ఎట్ల?"

గంగరాజు పళ్లు కొరికాడు. "సీటామెదే. బస్సులోకి సిపాయిలెక్కితే ఏం చేస్తాదో మరి! వీనికి మాత్రం ఈ బస్సు లేదు. దొంగరాతలు రాసినోనికి ఆఖరి బస్సే."

పుష్పలత గంగాధర వైపు తిరిగింది. "మూటలు మోసినందుకు కాదు నా కోపం. నాదీ నీదీ ఒకటే జబ్బని తెలిసీ నన్ను దొంగను చేస్తివే!"

మరునాడు బస్సు దగ్గరికి ఆమెను సాగనంపడానికి వచ్చింది ఇద్దరే. హారూన్ ఆమె ఒళ్లో గుడ్డసంచి పెట్టాడు. అందులో ఇరానీ ఇచ్చిన పిండిముద్ద ఉంది. "చెక్‌పోస్టు దాటేదాకా పిసుకుతానే ఉండు."

ఆమె ముద్దను సగానికి తుంచి ఈశ్వరయ్య చేతిలో పెట్టింది. "గంగాధరకియ్యన్నా. ఆయన బస్సొచ్చినపుడు చేతులాడిస్తా ఉండమను. ఆయనతో జన్మలో మాట్లాడనని గూడా చెప్పు."

చెక్‌పోస్టు దగ్గర సిపాయి బస్సెక్కడం, సంచి తెరవమనడం దూరం నుంచే కనిపించింది. కాసేపటికి సిపాయి దిగిపోయాడు. బస్సు కదిలింది. అరుపు వినిపించలేదు.

ఈశ్వరయ్య ఆ సగం ముద్దను ఆరకుండా తడిగుడ్డలో చుట్టి, గంగాధర గదికి బయల్దేరాడు.