అక్క గీత మారాక

మా అక్క గీస్తుంది, నేను రంగులేస్తాను. పదకొండేళ్లుగా పిల్లల బొమ్మల పుస్తకాలు ఇలాగే చేస్తున్నాం. పేరు తనది, చాకిరీ నాది. అది పుట్టినప్పట్నించీ అక్క పుస్తకాలన్నింట్లోనూ ఉండే పిల్ల ఒక్కతే, తన కూతురు. ఏడేళ్లది. కళ్లు తెరిచింది మొదలు ఒకటే వాగుడు, అందుకే వసపిట్ట అని పిలుస్తాం. దానికి జవాబులు చెప్పేసరికి మన నోరు ఎండిపోతుంది.

మొదట్లో అక్క గీత నిండుగా ఉండేది. గోళ్లు, చెవి మడతలు, ఊడిన పన్ను సందు, ఏదీ వదిలేది కాదు. ఒకసారి పబ్లిషరు, "ఇంత శ్రమ ఎందుకండీ? ఎంత తక్కువ గీస్తే అంత అందం" అన్నాడు. ఆ మాట అక్క నెత్తికెక్కింది. ఒక పుస్తకంలో గోళ్లు తీసేసింది. తర్వాతి దాంట్లో చెవులు. నాకూ పని తగ్గింది కదా అని ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

చెవుల్లేని పుస్తకం అచ్చుకెళ్లిన వారానికే వసపిట్టకి వినపడ్డం మానేసింది. డాక్టరు లైటు వేసి చూసి, చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొస్తుంటే తట్టింది నాకు, ఆ పిల్లకి గోళ్లు కత్తిరించి ఏడాది దాటింది. పెరగనే లేదు. అక్కతో చెబితే, "పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసిరింది.

మొన్న గురువారం వాన. మధ్యాహ్నానికే గది మసకబారింది. ఇంకు వాసన, తడి గోడల వాసన. కొత్త పుస్తకం మొదటి పేజీ నా బల్ల మీదకొచ్చింది. పిల్ల ముఖంలో రెండు చుక్కల కళ్లు, చిన్న ముక్కు గీత. అంతే.

"అక్కా, నోరేదే?"

"అక్కర్లేదు. కళ్లు చాలు."

"వసపిట్టేం చేస్తోంది?"

"లోపలుంది. పొద్దుట్నించీ గొడవ చెయ్యలేదు, పాపం."

లోపలికి పరిగెత్తాను. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. భుజం పట్టి ఇటు తిప్పాను. పెదవులున్నాయి... వేలితో విడదియ్యబోయాను... మధ్యలో సందు లేదు. ముక్కుతోనే ఆయాసంగా ఊపిరి పీలుస్తోంది. బుగ్గల మీద నీళ్లు.

అక్క వచ్చి చూసింది. తిరిగి బల్ల దగ్గరికెళ్లి కలం తీసింది. కలం కాగితం మీద గాలిలోనే తిరుగుతోంది... ఆనడం లేదు.

"రావట్లేదే," అంది గుసగుసగా. "నోరెలా ఉంటుందో... చేతికి గుర్తు రావట్లేదు."

నేను నా కుంచె అందుకున్నాను. పదకొండేళ్లలో నేను సొంతంగా ఒక్క గీత గీసిన పాపాన పోలేదు, తను గీసిన గీతల మధ్య నింపడమే. ఆ పేజీ మీదే ఏది వస్తే అది వేశాను. ఎర్రగా, పైకి వంగిన నోరు. పక్కన రెండు చెవులు.

లోపల్నించి, "అమ్మా!"

ముగ్గురం కావలించుకుని ఏడ్చాం. చాలాసేపటికి గాని నేను గమనించలేదు. వసపిట్ట కూడా ఏడుస్తోంది, కానీ పెదవులు పైకి వంగే ఉన్నాయి. అన్నం తింటున్నా అంతే. నిద్రలోనూ అంతే. వేళ్లతో కిందికి లాగితే, "నొప్పి పిన్నీ" అంటుంది, నవ్వుతూ.

పోనీలే, ప్రాణం దక్కింది, మాట వచ్చింది, చెవులూ వినపడుతున్నాయి అని సరిపెట్టుకున్నాను.

ఈ పొద్దున పేజీ తీసి చూశాను. నేను వేసిన నోరుంది, చెవులున్నాయి. చుక్కలు లేవు.

"కళ్లేవక్కా?"

"నేను ముట్టుకోలేదే," అంది అక్క.

కుంచె నల్లరంగులో ముంచి పెట్టాను. రంగు కాగితం మీద నిలవలేదు... జారి అంచు దాకా కారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ కారింది.

లోపల్నించి దాని గొంతు వినపడింది.

"పిన్నీ... లైటెందుకు తీసేశారు?"

తలుపు తీశాను. కిటికీ నిండా ఎండ, మంచం దాకా పడుతోంది. ఆ ఎండ మధ్యలో వసపిట్ట కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపి తడుముతూ, నవ్వుతోంది.