ముందుచేయి

సాయంత్రం విడత అందుకోవడానికి మందాకిని ప్రయోగశాలకు వచ్చేసరికి, తెరమీద తవ్వుడుబండి చంద్రుడి మట్టిని ఒద్దికగా ఎత్తి పోస్తోంది. దాన్ని నడిపే రెహానా అడ్డుగోడల మధ్య తన అరలో, కుర్చీలో వెనక్కి వాలి ఉంది.

"లే తల్లీ, నీ వంతు అయిపోయింది. పోయి తిను," అంది మందాకిని, సంచి దించుతూ.

రెహానా లేవలేదు. భుజం పట్టుకుంటే ఒళ్ళు చల్లగా, చెమటతో తడిసి ఉంది. మందాకిని పెట్టిన కేకకి ఆచార్యులు అబ్రహాం పరుగెత్తుకొచ్చారు.

"ఇందాకే తొంగిచూశానే! బండి నడుస్తోంది కదా అని..." అంటూనే ఆయన ఆసుపత్రికి ఫోన్ చేశారు.

బండి నడిపేవాళ్ళు ముంజేతికి కట్టుకునే పట్టీ పేరు 'ముందుచేయి'. భూమి నుంచి ఆజ్ఞ వెళ్ళి చంద్రుడి నుంచి జవాబు వచ్చేలోగా జరిగే ఆలస్యాన్ని పూడ్చడానికి దాన్ని కనిపెట్టారు. మనిషి చేతి అలవాట్లు నేర్చుకుని, తరవాత చేయబోయే పని అది ముందే చేసేస్తుంది; చేయి ఆగినా అది ఆగదు. ఇప్పుడు ఓడరేవులో క్రేన్లు నడిపేవాళ్ళకీ, పళ్ళ డాక్టర్లకీ, దర్జీలకీ అదే ఆధారం. ఈ విశ్వవిద్యాలయం పిల్లలు తాము తయారుచేసిన మూడు బండ్లకు దాన్ని తగిలించి, చంద్రుడి మీద మనుషులు తలదాచుకునే సొరంగం తవ్వుతున్నారు. అక్కడ పక్షం రోజుల చీకటి పడేలోగా ముగించకపోతే చలికి బండ్లు పాడైపోతాయి. అందుకని కొన్నాళ్ళుగా ఎవరికీ సరైన తిండి లేదు, నిద్ర లేదు. రెహానాకు చిన్నప్పటి నుంచీ చక్కెర జబ్బు. ఆ రోజు ఇన్సులిన్ తీసుకుంది గాని, అన్నానికి లేవలేదు.

మర్నాడు ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే, "బండి?" అని అడిగింది.

"నడుస్తోంది."

"నేను పడిపోయాక?"

మందాకినికి అబద్ధం నోటికి రాలేదు. "అప్పుడూ నడిచింది. ఎక్కడా తేడా కనబడలేదు."

రెహానా కిటికీ వైపు తిరిగింది. "అంటే చచ్చిపోయినా తెలిసేది కాదన్నమాట." ఆ గొంతులో కోపం లేదు. అలసటే.

మందాకిని తల దించుకుంది. "సార్ ఒకమాట అడగమన్నారే. నువ్వు కోలుకునేదాకా నీ విడతలో నీ ముందుచేయినే నడవనిద్దామా అని. చీకటి దగ్గర పడుతోంది."

"నడవనివ్వండి. దానికి ఆకలి వేయదుగా." రెహానా కళ్ళు మూసుకుంది. "నేనింక రాను, మందా."

మందాకిని ఆమె దుప్పటి సర్దింది. ఆమెకూ నిద్ర ముంచుకొస్తోంది.

ప్రయోగశాలలో ఎవరూ దీని గురించి పెద్దగా మాట్లాడలేదు. పని మిగిలే ఉంది. కాని ఆ సాయంత్రం మందాకిని తెరమీంచి చూపు తిప్పకుండానే, పక్క అరలో ఉన్న గోవర్ధన్‌ని గట్టిగా పిలిచింది.

"గోవర్ధన్, ఉన్నావా?"

"ఉన్నా. ఏం?"

"ఏం లేదు."

కాసేపటికి అతనే పిలిచాడు. "మందాకినీ, ఉన్నావా?" ఎవరూ చెప్పకుండానే అది అందరికీ అలవాటైంది. పిలవడం, జవాబు కోసం ఒక్క క్షణం ఆగడం, మళ్ళీ పని.

సొరంగం చివరికొచ్చిన రోజు, పగటి విడతలోనూ వేరే బండి నడుపుతున్న మందాకిని కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏ అరలో ఎవరున్నారో ఆలోచించే ఓపిక కూడా లేదు. అలవాటుగా ఎడమవైపు తిరిగి పిలిచింది.

"రెహానా, ఉన్నావా?"

గదిలో అందరూ అటు తిరిగారు. రెహానా ఖాళీ అరలో తెరమీద బండి ఒద్దికగా మట్టి ఎత్తి పక్కన పోసింది. మళ్ళీ ఎత్తింది.